కొండ దాచిన నీరు

నగరి పట్టణమునకు కొండయే గుర్తు. ఊరి సమీపమునగల కొండల వరుసలో ఒక శిఖరము ముక్కువలె ముందునకు పొడుచుకొని వచ్చినట్లు కనబడును. జనులు దానిని ‘నగరి ముక్కు’ అని పిలుతురు. సుమారు 2,800 అడుగుల ఎత్తుగల ఆ శిఖరము బంగాళాఖాతమున పోవు ఓడలకు సైతము కానవచ్చును. పూర్వము నావికులు దానిని ఆనవాలుగా చేసికొని తీరమును గుర్తించెడివారు. మరమగ్గముల చప్పుడు నడుమ పెరుగు నగరి బాలబాలికలకు ఆ శిఖరము నిత్యము కన్నుల యెదుట నుండునదే. అయినను ఆ కొండలు తమ గర్భమున ఏమి దాచుకొని యున్నవో ఎరిగినవారు కొందరే. అవి దాచినది నీరు.

రెండు కొండల నడుమ చెట్లతో నిండి, వాగు పారెడి ఇరుకైన లోయను తెలుగువారు ‘కోన’ యందురు. నగరి చుట్టుప్రక్కల ఇట్టి కోనలు అనేకములు కలవు. నారాయణవనమునకు సమీపమున కైలాసకోన కలదు. పుత్తూరు ప్రాంతమున సదాశివకోన యున్నది. నాగలాపురపు కొండలలో ఒకదాని వెంట నొకటిగా మడుగులును, చిన్న జలపాతములును కలవు. తడకు పడమటి దిక్కున ఉబ్బలమడుగు ఉన్నది. తిరుపతి చేరినచో శేషాచలపు కొండలలో కపిలతీర్థము, ఆకాశగంగ, తుంబురుతీర్థము మొదలగునవి కానవచ్చును. అచ్చటికి పడమట ఆ కొండలలోనే తలకోన కలదు. నీరు నిలుచు తావునకు మడుగు అనియు, పవిత్రమని తలచి స్నానమాడు తావునకు తీర్థమనియు, చుట్టును కొండలు మూసిన తావునకు కోన యనియు పెద్దలు పేర్లు పెట్టిరి. పేరు వినినంతనే ఆ తావున నీరు ఎట్లుండునో బాటసారికి కొంత తెలియును.

కైలాసకోన జలపాతము ఎత్తు సుమారు 40 అడుగులు మాత్రమే. కాని దానియందొక విశేషము కలదు. రాయలసీమలో వేసవి వచ్చెనన్న చెరువులు ఎండిపోవును, బావులు అడుగంటును, వాగులలో ఇసుక మాత్రమే మిగులును. అట్టి దినములలో కూడ కైలాసకోనలో నీరు పడుచునే యుండును. నెలలతరబడి వాన లేకున్నను ఆ నీరు ఎచ్చటినుండి వచ్చుచున్నది?

ఈ ప్రశ్నకు సమాధానము రాతిలో నున్నది. పందొమ్మిదవ శతాబ్దమున భారత భూగర్భ పరిశీలన శాఖకు చెందిన విలియం కింగ్ అను శాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు ప్రాంతముల శిలలను పరిశీలించి 1872లో ఒక గొప్ప గ్రంథమును ప్రకటించెను. ఈ కొండలకు ప్రధానమైన రాతిపొరకు నగరి పేరే స్థిరపడినది. నేటికిని భూగర్భ శాస్త్రజ్ఞులు దానిని ‘నగరి క్వార్ట్‌జైటు’ అని వ్యవహరింతురు. తిరుమల కొండలయందు కానవచ్చు రాతిపొరకు కూడ ఇదియే పేరు. ఒక చిన్న పట్టణపు పేరు ఇట్లు శాస్త్రగ్రంథములలో నిలిచిపోయినది.

ఈ రాయి మొదట ఇసుక. నూరు కోట్ల సంవత్సరములకు ఎంతో పూర్వము, లోతు తక్కువైన సముద్రపు ఒడ్డున ఇసుక పొరలు పొరలుగా పేరుకొనెను. పైపొరల బరువువలనను, కాలక్రమమునను రేణువులు ఒకదానితో నొకటి అతుకుకొని కఠినమైన శిలగా మారెను. కొన్ని పలకలపై ఆనాటి అలలు దిద్దిన గీతలను నేటికిని చూడవచ్చును. దీని క్రింద నుండునది ఇంకను ప్రాచీనమైన గ్రానైటు శిల. ఆ రెండింటి పుట్టుకకు నడుమ కోట్లకొలది సంవత్సరములు గడచినవి. ఆ కాలమునకు సంబంధించిన పొర ఏదియు అచ్చట మిగులలేదు. తిరుమల కనుమదారిలో ఈ రెండు శిలలు కలియు చోటు కన్నులకు కనబడును. భూగర్భ పరిశీలన శాఖవారు దానిని జాతీయ భూవారసత్వ స్థలముగా గుర్తించిరి.

ఈ రాయి స్వయముగా నీటిని పీల్చుకొనదు. కాని దానియందు నిలువుగా చీలికలును, అడ్డముగా పొరల సందులును మెండుగా నుండును. కొండపై కురిసిన వాన ఆ చీలికలలోనికి దిగును. క్రిందికి పోయి పోయి, నీటిని చొరనీయని పొర ఎదురైనప్పుడు, అది ప్రక్కకు తిరిగి ఎచ్చటనో ఒక సందునుండి ఊటగా బయటపడును. ఈ పనికి అడవి తోడ్పడును. చెట్టు ఆకులు చినుకు వేగమును తగ్గించును. రాలిన ఆకులు క్రుళ్ళి నేలపై మెత్తని పరుపుగా ఏర్పడి నీటిని పరుగెత్తనీయక నిలుపును. నిలిచిన నీరే చీలికలలోనికి ఇంకును. కనుక కార్తికమున కురిసిన వాన చైత్రవైశాఖములలో బొట్లు బొట్లుగా కోనలో పడుచుండును. అడవి నశించినచో వాన కురిసిన దినముననే నీరంతయు కొట్టుకొనిపోవును. వేసవికి మిగులునది ఉండదు.

జలపాతములు ఏర్పడుటకును ఈ చీలికలే కారణము. వాగునీరు చీలికలలో దూరి అడుగునగల రాతిని సడలించును. కొంతకాలమునకు పెద్ద దిమ్మె యొకటి ఊడి పడును. అది ఊడిన చోట నిలువుగోడ మిగులును. ఆ గోడమీదనుండి వాగు దుముకును. జలపాతము క్రింద ఇండ్లంతేసి బండలు చెల్లాచెదరుగా పడియుండుటకు హేతువిదియే.

ఇట్టి కోనలలో మిక్కిలి ప్రసిద్ధమైనది తలకోన. తిరుపతినుండి భాకరాపేట, నెరబైలు మీదుగా అచ్చటికి పోవుదురు. సిద్ధేశ్వరస్వామి ఆలయము వరకు బండ్లు పోవు దారి కలదు. పిమ్మట కాలినడకయే. దారి వాగు ప్రక్కన, బండల నడుమ, చెట్ల నీడలో సాగును. ఒకచోట గిల్లతీగలు కొండచిలువలవలె మెలికలు తిరిగి చెట్టునుండి చెట్టునకు ప్రాకియుండును. వాని కాయలు మూడడుగుల పొడవు వరకు పెరుగును. పొడినేలలలో ఎఱ్ఱచందనపు చెట్లు పెరుగును. ఈ వృక్షము తూర్పుకనుమల దక్షిణభాగమున తప్ప ప్రపంచమున మరెచ్చటను సహజముగా పెరుగదు. రాత్రివేళ మాత్రమే సంచరించు దేవాంగపిల్లి ఈ అడవిలో నివసించును. శేషాచలమున తేమగల రాతి చీలికలలో బంగారు వన్నెగల బల్లి యొకటి కలదు. దానిని 1870లో బెడ్డోమ్ అను అటవీ అధికారి మొదటిసారి శాస్త్రలోకమునకు ఎరుకపరచెను.

నడచుకొలది నీటి చప్పుడు దగ్గరయగును. తుదకు చెట్లు తొలగి, ఎదుట ఎత్తైన రాతిగోడ నిలుచును. దానిపైనుండి సుమారు 270 అడుగుల లోతునకు నీరు జారిపడును. ఆంధ్రప్రదేశమున అతి ఎత్తైన జలపాతముగా దీనిని పేర్కొందురు. వానకాలమున అది తెల్లని స్తంభమువలె నుండును. వేసవిలో గాలికి చెదరి తుంపరగా మారును. చూడవచ్చినవారు కొంతసేపు మాటలు మాని నిలుచుండిపోదురు.

ఈ కోనలకు నడచుట నూతనమైన వేడుక కాదు. తిరుమల అడవులలోని రామకృష్ణతీర్థమునకు పుష్య పూర్ణిమనాడును, తుంబురుతీర్థమునకు ఫాల్గుణ పూర్ణిమనాడును యాత్రికులు వేలకొలది నడచిపోవుదురు. ఆ దినములను ‘ముక్కోటి’ యందురు. ఇందొక అంశము గమనింపదగినది. ఈ ప్రాంతమున భారీ వర్షములు ముఖ్యముగా అక్టోబరు మొదలు డిసెంబరు వరకు, ఈశాన్య ఋతుపవనముల కాలమున కురియును. పై రెండు యాత్రలును ఆ వానలు వెనుదీసిన పిమ్మటనే వచ్చును. అప్పటికి వాగుల ఉధృతి తగ్గును. బండలపై నడచుటకు వీలగును. త్రాగునీరు మాత్రము ఇంకను సమృద్ధిగా నుండును. ఏ కాలమున కోనకు పోవలెనో ఆ తిథులే బాటసారికి తెలుపుచున్నవి.

కాలము తెలియక పోవువారికి కోన మరియొక ముఖము చూపును. లెక్క వేసి చూచినచో ఈ సంగతి తేటపడును. ఒక చదరపు కిలోమీటరు నేలపై ఒక సెంటీమీటరు వాన కురిసినచో ఆ నీరు ఒక కోటి లీటర్లగును. పది సెంటీమీటర్లు కురిసినచో పది కోట్ల లీటర్లు. కోనకు పైనున్న కొండ పలు చదరపు కిలోమీటర్ల విస్తీర్ణము గలది. అచ్చట ఒక్కసారిగా కుంభవృష్టి కురిసినప్పుడు చీలికలు ఆ నీటినంతను మ్రింగజాలవు. మిగిలినదంతయు నున్నని రాతిమీదుగా జారి, ఒకే ఇరుకు సందున దూకవలసియుండును. క్రింద నున్నవానికి ఎండ కాయుచుండవచ్చును. ఆకాశము నిర్మలముగా నుండవచ్చును. పైకొండమీద వాన కురిసినట్లు అతనికి తెలియదు. మోకాటిలోతు వాగు అతడు చూచుచుండగనే నిలువులోతగును.

2021వ సంవత్సరము నవంబరు 18, 19 తేదీలలో తిరుపతి ప్రాంతమున ఇట్టి వాన కురిసెను. కపిలతీర్థమున జలపాతము మహోగ్రముగా దుమికెను. కనుమదారిలో కొండచరియలు విరిగిపడెను. యాత్రికులు తిరుమలకు నడచిపోవు శ్రీవారి మెట్టు దారి పలుచోట్ల దెబ్బతినుటచే 2022 మే నెల వరకు మూసియుంచవలసి వచ్చెను. రాతితో కట్టిన మెట్లదారికే అట్టి గతి పట్టినచో, వాగులో నిలిచిన మానవుని బలమెంత?

కొండవాగు పొంగుటకు ముందు కొన్ని గుర్తులు చూపుట కలదు. తేటగానున్న నీరు బురదరంగునకు తిరుగును. ఎండుటాకులు, పుల్లలు గుంపులుగా కొట్టుకొనివచ్చును. పైనుండి ఉరుమువంటి మ్రోత వినవచ్చును. వీనిలో ఏ ఒక్కటి కనబడినను వస్తువులకై వెనుదిరుగక, వాగును దాటబోక, ఉన్న ఒడ్డుననే ఎత్తైన చోటికి ఎక్కవలెను. నీరు తీసినపిమ్మట దిగవచ్చును. వాన లేని దినములలోను మడుగుల విషయమున ఏమరరాదు. పైకి నిశ్చలముగా కనబడు మడుగున బండల సందులు, లోతైన గుంతలు దాగియుండును. నీటి అంచున నాచు పట్టిన రాయి గాజువలె జారును. మడుగులలో దిగి మరలిరానివారిలో ఈత నేర్చినవారును ఉన్నారు. అందుచేతనే వానకాలమున అటవీశాఖవారు కొన్ని దారులను మూసివేయుదురు. ఆ అడ్డుకట్టను దాటుట ధైర్యమనిపించుకొనదు, అది అజ్ఞానము.

మానవుడు కోనకు భయపడవలసినట్లే, కోనకు మానవునివలన భయము కలదు. తలకోన అడవి శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానములోనిది. సుమారు 353 చదరపు కిలోమీటర్ల ఈ ఉద్యానము 1989లో ఏర్పడినది. 2010లో భారత ప్రభుత్వము శేషాచల ప్రాంతమున సుమారు 4,755 చదరపు కిలోమీటర్లను జీవావరణ రక్షిత ప్రాంతముగా ప్రకటించెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి జాతీయోద్యానమున అనుమతి లేక ప్రవేశింపరాదు, మృగములను వేటాడరాదు, చెట్టును నరకరాదు. వేసవిలో ఆర్పక విడిచిన ఒక్క నిప్పుకణిక ఎండుటాకుల పరుపును కాల్చివేయును. ఆ పరుపు కాలినచో కొండ నీటిని నిలుపుకొను శక్తి తగ్గును. పారవేసిన ప్లాస్టిక్ సంచులు వాగులో పడి మడుగులను చేరును. విడిచిపెట్టిన అన్నపు పొట్లములకు కుక్కలును పందులును చేరును. వానికొరకు చిరుత దారిదాపునకు వచ్చును. 2023 ఆగస్టులో అలిపిరి కాలిదారిలో ఆరేండ్ల బాలిక చిరుతవాత బడి మరణించెను. మృగమునకు మానవుని త్రోవ ఎరుకపడకుండుట ఇరువురకును క్షేమము.

కనుక కోనకు పోవువారు పెద్దలతో కలిసి పోవలెను, పగటివేళనే మరలవలెను, తీసికొనిపోయినదంతయు తిరిగి తెచ్చుకొనవలెను. అచ్చటినుండి తెచ్చుకొనదగినది చూచిన దృశ్యము ఒక్కటే.

నగరి ప్రక్కగా కుశస్థలీనది పారుచున్నది. ఏడాదిలో పెక్కు దినములు అది ఇసుకమేటలతో నుండును. వాన కురిసినప్పుడు కొండనీరు అందు చేరి తమిళనాటికి సాగును. 1944లో నిర్మింపబడిన పూండి జలాశయమును నింపు నీటిలో ఈ కొండల వాననీరును కొంత కలదు. ఆ జలాశయము మదరాసు నగరపు దాహమును తీర్చుటకై కట్టబడినది. కొండపై చెట్టు నీడన ఇంకిన చినుకును ఎచ్చటనో, ఎన్నడో, పేరైనను తెలియని ఒకడు త్రాగును. నగరి బాలుడు తలయెత్తి ఆ ముక్కువంటి శిఖరమును చూచునప్పుడు, దానిలోని చీలికలలో గడచిన కార్తికపు వాన మెల్లమెల్లగా దిగుచుండును.