93, అప్పర్ సర్క్యులర్ రోడ్డు

కోల్‌కతాలో సియాల్దా స్టేషన్ నుంచి ఉత్తరంగా రాజాబజార్ వైపు వెళ్తే ఆచార్య ప్రఫుల్లచంద్ర రోడ్డు మీదికి వస్తాం. పూర్వం దాని పేరు అప్పర్ సర్క్యులర్ రోడ్డు. సి.వి.రామన్ పనిచేసిన సైన్స్ కాలేజీ అక్కడ 92వ నెంబరు. 93వ నెంబరులో ఉన్నది ఒక ఇల్లు. జగదీశ్ చంద్ర బోస్, అబలా బోస్ దంపతులది. 1902లో కట్టారు. ఇప్పుడు ఆచార్య భవన్ అంటున్నారు. ఆ ఇల్లు లేచేనాటికి వాళ్లకు పెళ్లయి 15 ఏళ్లు. ఆయనకు నలభై దాటాయి.

ముప్ఫై నిండకముందే ఫ్లాటు బుక్ చేసి, ఆ ఒత్తిడిలో ఒకరి మీద ఒకరు విసుక్కుంటూ బతుకుతున్న జంటలకు ఈ 15 ఏళ్ల సంగతి తెలియాలని నా కోరిక. ఆలస్యంగా కట్టుకుంటే మంచిదని నేను చెప్పడం లేదు. ఆ ఏళ్లలో ఆ ఇద్దరూ ఏ ఏ విషయాల్లో ఒక మాట మీదికి వచ్చారో చూడమంటున్నాను. ఇల్లు కట్టడంలో భార్యాభర్తల వ్యక్తిత్వాలకు అసలు పరీక్ష అక్కడుంది. సిమెంటు, ఇటుక ఆ తర్వాత.

బోస్ 1885లో ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పడానికి చేరారు. అదే పని చేసే యూరోపియన్‌కు ఇచ్చే జీతంలో భారతీయుడికి మూడింట రెండు వంతులే ఇచ్చేవాళ్లు. ఆయనది తాత్కాలిక నియామకం కాబట్టి అందులోనూ సగం కోశారు. అంటే చేతికొచ్చేది మూడో వంతు. ఆయన పాఠాలు చెప్పడం మానలేదు, ఆ జీతం మాత్రం ముట్టలేదు. మూడేళ్లు అలాగే గడిపారు. చివరికి ప్రభుత్వమే దిగివచ్చి, ఉద్యోగం ఖాయం చేసి, పాత బకాయి మొత్తం పూర్తి జీతం లెక్కన చెల్లించింది.

ఈ కథ చాలామందికి తెలుసు. ఆయన పెళ్లి 1887లో, సరిగ్గా ఆ మూడేళ్ల మధ్యలో జరిగిందన్న సంగతి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. వధువు అబల. పేరున్న వకీలు దుర్గామోహన్ దాస్ కూతురు, లోటు తెలియకుండా పెరిగిన అమ్మాయి. కలకత్తా మెడికల్ కాలేజీ ఆడపిల్లను చేర్చుకోనంటే 1882లో, పదిహేడేళ్ల వయసులో, మద్రాసు దాకా వచ్చి వైద్యం చదివింది. ఆరోగ్యం దెబ్బతిని మధ్యలో ఆపేసి వెళ్లాల్సి వచ్చింది. అంత పట్టుదల గల మనిషి, నెల తిరిగేసరికి జీతం ఇంటికి రాదని తెలిసిన సంసారంలో అడుగు పెట్టింది. భర్త పంతానికి భార్య సర్దుకుపోయిందని దీన్ని చదవడం ఆమెకు అన్యాయం. తలుపు మూసుకున్న కాలేజీని తప్పించుకుని మరో ఊరు వెళ్లి చదివిన మనిషికి, తక్కువ చేసి ఇచ్చే జీతం ఎందుకు తీసుకోకూడదో ఒకరు విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

ఆ బకాయి ఒక్కసారిగా చేతికి వచ్చినప్పుడు ఏం చేశారన్నది నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. కొత్త దంపతులు, అద్దె బతుకు, చేతిలో పెద్ద మొత్తం. స్థలం కొనలేదు. బోస్ తండ్రి భగవాన్ చంద్ర ప్రభుత్వోద్యోగి. జనానికి ఉపాధి కల్పించాలని టీ తోటలు, నేతపని లాంటి వాటిలో డబ్బు పెట్టి మునిగిపోయారు. కొడుకు ఆ బకాయి సొమ్ముతో తండ్రి అప్పులు తీర్చడం మొదలుపెట్టాడు. తండ్రి తలెత్తుకుని తిరగడం ముందు, తమ గూడు తరువాత. ఈ వరుస ఇద్దరికీ సమ్మతం కాకపోతే ఆ సంసారంలో అప్పు తీరినా, మనసులో బాకీ మిగిలిపోయేది.

మన ఇళ్లల్లో ఈ వరుస గురించి మాట్లాడుకునే పద్ధతే లేదు. ఊళ్లో నాన్నగారి పంట అప్పు ఉందనీ, చెల్లెలి పెళ్లికి తెచ్చిన చేబదులు తీరలేదనీ భార్యకు పూర్తిగా చెప్పకుండానే బ్యాంకుకు వెళ్లి గృహరుణానికి సంతకాలు పెట్టించే మగవాళ్లు ఎంతోమంది. 75 లక్షలు దాటిన గృహరుణమైతే బ్యాంకు ఇంటి విలువలో 75 శాతానికి మించి ఇవ్వదు. మిగతా పాతిక శాతం, రిజిస్ట్రేషన్ ఖర్చు, చెక్కపని ఖర్చు చేతి నుంచి పెట్టుకోవాలి. అది చాలాసార్లు ఆమె ఒంటి మీది బంగారం, ఆమె పుట్టింటివాళ్ల సర్దుబాటు. ఆ తర్వాత దస్తావేజు ఒక్కరి పేరు మీదే రాయిస్తారు. ఇల్లు పూర్తయ్యాక టైల్స్ రంగు మీద జరిగే గొడవకు మూలం టైల్స్‌లో ఉండదు, ఈ లెక్కలో ఉంటుంది. ఉన్న అప్పులన్నీ, రావలసినవన్నీ, ఎవరి సొమ్ము ఎంత పడుతోందో ఒకే కాగితం మీద ఇద్దరూ కూర్చుని రాసుకోకుండా శంకుస్థాపన ముహూర్తం పెట్టించవద్దు. ఇద్దరి పేర్లూ దస్తావేజులో ఉండాలి. ఈ రెండింటిలో నాకు రెండో ఆలోచన లేదు.

పెళ్లయిన కొత్తలో బోస్ దంపతులు కలకత్తాలో అద్దెలు భరించలేక హుగ్లీ నది ఒడ్డున, అప్పటి ఫ్రెంచి పట్నం చందన్‌నగర్‌లో ఉన్నారు. కాలేజీకి వెళ్లే రైలు నది అవతల ఎక్కాలి. ఒక చిన్న పడవ సంపాదించి ఇద్దరూ కలిసి నది దాటేవారనీ, ఆయన్ను దింపి ఆమె పడవ వెనక్కి నడుపుకుని వచ్చేదనీ, సాయంత్రం మళ్లీ వెళ్లి తీసుకొచ్చేదనీ జీవితచరిత్రకారులు రాశారు. తరువాత నగరంలో మెచ్చువా బజారులో బంధువుల కుటుంబంతో ఒకే ఇల్లు పంచుకున్నారు. కాలేజీలో ప్రయోగశాల పేరిట ఆయనకు దక్కినది స్నానాల గదికి ఆనుకుని ఉన్న ఇరుకు గది. 1895లో కలకత్తా టౌన్ హాల్లో సభికుల ముందు, తీగ లేకుండా గోడలు దాటి వెళ్లిన తరంగాలతో గంట మోగించి తుపాకిమందు పేల్చి చూపించినప్పుడు ఆ దంపతులకు సొంతిల్లు లేదు.

"ఇంకా అద్దింట్లోనేనా?" అని పెళ్లిళ్లలో, పేరంటాల్లో అడిగే ప్రశ్న మనవాళ్లను ఎంత కుంగదీస్తుందో నాకు తెలుసు. ఆ ప్రశ్నకు జవాబుగా ఇల్లు కట్టడం మొదలుపెట్టిన జంట, ఇల్లయ్యాక మరో ప్రశ్నకు జవాబు వెతుక్కుంటుంది. ఎన్ని అంతస్తులు, లిఫ్టు ఉందా, కారు నిలపడానికి చోటుందా. బయటివాళ్ల నోళ్లకు అంతుండదు. అద్దింట్లో ఉన్నన్నాళ్లూ మీరిద్దరూ ఏ పని మీద నిలబడి ఉన్నారు? దానికి జవాబు ఉన్నవాళ్లను ఆ ప్రశ్న గుచ్చుకోదు. పడవ నడిపిన ఆ ఇద్దరికీ ఆ జవాబు ఉంది.

అదే రోడ్డు ఇప్పుడు ఎవరి పేరు మోస్తోందో ఆ ప్రఫుల్లచంద్ర రాయ్ గురించి ఇక్కడ ఒక మాట. బెంగాల్ కెమికల్స్ స్థాపించిన ఆ రసాయనశాస్త్రవేత్త పెళ్లి చేసుకోలేదు. సొంతిల్లు కట్టలేదు. సైన్స్ కాలేజీలోనే ఒక గదిలో ఉంటూ అక్కడే చనిపోయారు. ఒకరు ఇల్లు కట్టుకున్నారు, పక్కనే ఒకరు కట్టుకోలేదు. ఇద్దరిలో ఎవరూ తక్కువ కాలేదు.

తిరిగి 93కు వద్దాం. ఇల్లు కట్టినవాళ్లకు సాధారణంగా ఆశ అక్కడితో తీరాలి, లేదా రెండో ఇంటి మీదికి పోవాలి. బోస్ దంపతుల ఆశ పక్క స్థలం మీదికి పోయింది, అయితే అద్దెకివ్వడానికి కాదు. 1915లో ఆయన ప్రెసిడెన్సీ కాలేజీ నుంచి పదవీ విరమణ చేశారు. కూడబెట్టుకున్న సొమ్ముకు దాతలు ఇచ్చిన విరాళాలు కలిపి, 1917 నవంబరు 30న, తన 59వ పుట్టినరోజున, ఇంటి పక్కనే బోస్ పరిశోధనా సంస్థను తెరిచారు. ఆయన దాన్ని ప్రయోగశాలగానే చూడలేదు, గుడి అన్నారు. ప్రవేశం దగ్గర దీపం పట్టుకున్న స్త్రీ శిల్పం ఉంటుంది. 1911లో డార్జిలింగ్‌లో వీరి దగ్గర ఉన్నప్పుడే కన్నుమూసిన వీరి స్నేహితురాలు సిస్టర్ నివేదిత స్మృతికి అది గుర్తు. ఉపన్యాస మందిరానికి నందలాల్ బోస్ ఒక చిత్రం వేశారు. బుద్ధి అనే పురుషుడు కత్తి పదును చూసుకుంటుంటే, అతని వధువు కల్పన వేణువు ఊదుతూ ఉంటుంది, ఇద్దరూ పవిత్రనది మీద పడవలో సత్యం వెతుక్కుంటూ పోతుంటారు. చందన్‌నగర్ పడవ సంగతి తెలిసినవాళ్లు ఆ చిత్రం ముందు కొంచెం ఎక్కువసేపు నిలబడతారు.

ఇంతవరకు ఆయన పనే చెప్పాను. ఆమె పని వేరే ఉంది. 1910 నుంచి రెండున్నర దశాబ్దాలు అబలా బోస్ బ్రాహ్మ బాలికా శిక్షాలయానికి కార్యదర్శి. అది కూడా అదే రోడ్డు మీద ఉంది. 1919లో నారీ శిక్షా సమితి పెట్టి బెంగాల్ పల్లెల్లో ఆడపిల్లలకు బడులు తెరిపించారు. విధవలను టీచర్లుగా తీర్చిదిద్దడానికి విద్యాసాగర్ వాణీ భవన్ నడిపారు. ఆ ఇల్లు ఆమెను వంటగదికి కట్టేయలేదు.

మన ప్లాన్లు చూడండి. హాలు ఆయన స్నేహితులకు, పడకగదులు పిల్లలకు, పూజగది వాస్తుకు, వంటగది ఆమెకు. ఆమె కూర్చుని రాసుకోవడానికో, కుట్టుకోవడానికో, పాఠం సిద్ధం చేసుకోవడానికో నాలుగడుగుల బల్ల పట్టే చోటు ప్లానులో ఎక్కడ గీశారు? భర్తకూ ఒక్కోసారి ఉండదు, బాల్కనీయే దిక్కు. 1,200 చదరపు అడుగుల్లో ఇద్దరికీ చెరో మూల ఇవ్వడం ఇంజినీరుకు పెద్ద పని కాదు. అడగాలని మనకే తోచదు.

ఇలాంటి ఇల్లు మనకూ ఉంది. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇల్లు. 1881 డిసెంబరు 11న పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు వెలివేసింది, వంటవాళ్లు రాలేదు, నీళ్లు మోసేవాళ్లు రాలేదు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరి నుంచి స్వయంగా బిందెలు మోసుకొచ్చి వంట చేశారు. పంతులుగారి పట్టుదలను మనం తరతరాలుగా పొగుడుతున్నాం, ఆ బిందెల బరువు గురించి తక్కువ మాట్లాడుకుంటాం. ఆమె వద్దంటే ఆ పెళ్లి పందిరి లేచేది కాదు.

మళ్లీ కోల్‌కతాకు వస్తే, అక్కడి నేల గంగ ఒండ్రు. తవ్వినకొద్దీ మెత్తటి బురదే, గట్టి పొర చాలా లోతున ఉంటుంది. ఎత్తైన కట్టడమైతే లోతుగా పునాది స్తంభాలు (పైళ్లు) దించాలి. గోడ ఒక్క అడుగు పైకి లేవకముందే బోలెడు డబ్బు మట్టిలో కలుస్తుంది, గృహప్రవేశానికి వచ్చినవాళ్లెవరికీ అది కనపడదు. దంపతుల మధ్య ముందుగా జరగాల్సిన మాటలు కూడా అలాంటివే. ఎవరూ చూడరు, ఫొటోలో రావు, తొందరలో ఉన్నవాళ్లకు దండగలా అనిపిస్తాయి.

కాబట్టి ప్లాను గీయించే ముందు ఒక పని చేయండి. ఇద్దరూ వేరువేరుగా, ఒకరి కాగితం ఒకరు చూడకుండా, మూడు సంగతులు రాయండి. ఈ ఇంటికోసం నేను వదులుకోలేనిది ఏది? ఉద్యోగం మారే స్వేచ్ఛా, అమ్మానాన్నలకు పంపే డబ్బా, సంగీతం క్లాసా, ఏదైనా సరే. ఈ ఇంట్లో నేను చేయాలనుకున్న పని ఏది? ఎవరు ఎప్పుడు వచ్చినా తలుపు తీయాల్సిన మనుషులు ఎవరు? తరువాత కాగితాలు మార్చుకుని చదవండి. వాదన వస్తుంది. రానివ్వండి, ఒక్క పూటలో తేలకపోతే వారం పట్టనివ్వండి. మేస్త్రీ ముందు, కూలీలు చూస్తుండగా, బిల్లు చేతిలో పట్టుకుని వాదించుకోవడం కన్నా అది ఎంతో నయం. అత్తమామలను, అన్నదమ్ములను, వాస్తు పండితుణ్ణి ఆ తరువాతే పిలవండి. ఇంజినీరుకు ఇచ్చే మొదటి కాగితం ఆ రెండింటినీ కలిపి రాసుకున్నదై ఉండాలి. అందులో మూడు పడకగదులు రెండయితే, ఆ రెండింటికే కట్టండి.