ఆపిన చోటు రాసిపెట్టండి

ఆరంభశూరులు అని మనల్ని ఎవరైనా అంటే చురుక్కుమంటుంది. చురుక్కుమనాలి కూడా. ఒకసారి మీ బీరువా తెరిచి చూడండి. ఉగాదికి మొదలుపెట్టి శ్రీరామనవమికి ఆపేసిన డైరీ, రెండు పాఠాలు దాటని వీణ పుస్తకం, సగం కుట్టి సూది అలాగే గుచ్చి వదిలేసిన జాకెట్టు, ఎవరికో రాద్దామని చిరునామా వరకు రాసి ఊరుకున్న కవరు. ఇవన్నీ నా బీరువాలోవే. మీ బీరువా ఇంతకంటే శుభ్రంగా ఉంటే నిజంగా సంతోషం. లేకపోతే ఇది మీకోసమే రాస్తున్నాను, చివరిదాకా చదవండి.

ఈ గుణాన్ని చాలా ఏళ్లు నేను సోమరితనం అనుకున్నాను. నన్ను నేను తిట్టుకున్నాను. ప్రతి జనవరిలో ఒట్టు పెట్టుకున్నాను. తిట్లు, ఒట్లు రెండూ పనిచేయలేదు. నాకు దారి చూపింది ఏ వ్యక్తిత్వ వికాస శిబిరమూ కాదు. ఉద్యోగం పోయి, మళ్లీ వెతుక్కునే ఓపిక లేక, ఒక సీజను పాటు జీతం లేకుండా పనిచేయడానికి వెళ్లిన గ్రంథాలయం. అది అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుది.

పార్కుకు గ్రంథాలయం ఏమిటని అడుగుతారు. నేనూ అడిగాను. ఎల్లోస్టోన్ పుట్టింది 1872 మార్చి 1న. లోకంలో మొదటి నేషనల్ పార్కుగా దానికి పేరు. అన్నేళ్ల బతుకున్న చోట జంతువులు, వేడినీటి బుగ్గలే కాదు, కాగితాలు కూడా పోగుపడతాయి. సూపరింటెండెంట్ల నివేదికలు, రోడ్లు వేసినవాళ్ల లెక్కలు, యాత్రికుల దినచర్య పుస్తకాలు, పాత గైడుబుక్కులు, ఫోటోలు. వాటిని భద్రపరచడానికి మోంటానా రాష్ట్రంలోని గార్డినర్ అనే చిన్న ఊళ్లో, పార్కు ఉత్తర ద్వారం దగ్గర, 2005లో హెరిటేజ్ అండ్ రిసెర్చ్ సెంటర్ తెరిచారు. గ్రంథాలయం అందులోనే ఉంది. 1903లో ప్రెసిడెంట్ థియోడర్ రూజ్‌వెల్ట్ చేత్తో పునాదిరాయి పడిన రాతి కమాను అక్కడికి దగ్గరే. ఊరి వీధుల్లో ఎల్క్ జింకలు మన ఊళ్లో ఆవుల్లా తిరుగుతాయి.

ఇలాంటి చోట్ల జీతగాళ్లు తక్కువ, పని ఎక్కువ. అందుకే 1970 నుంచి 'వాలంటీర్స్ ఇన్ పార్క్స్' అనే పథకం నడుస్తోంది. వాలంటీరుకు జీతం ఉండదు. కొన్ని చోట్ల ఉండటానికి గది ఇస్తారు. సీజను మొదట్లో వస్తారు, చివర్లో వెళ్లిపోతారు. తర్వాతి సీజనుకు ఇంకొకరు వస్తారు.

నాకు ఇచ్చిన పని వింటే పెదవి విరుస్తారు. పాత కాగితాల కట్ట విప్పాలి. తుప్పుపట్టిన స్టేప్లర్ పిన్నును గోటితో లాగకూడదు, లాగితే కాగితం చిరుగుతుంది. పల్చటి లోహపు పలకను పిన్ను కాలి కిందికి దూర్చి, నెమ్మదిగా పైకి వంచి, వెనక్కి తిప్పి, రెండో కాలు కూడా అలాగే వంచి తీయాలి. పిన్ను వచ్చేసినా దాని గోధుమరంగు మచ్చ కాగితం మీద ఉండిపోతుంది. తర్వాత ఆ కాగితాన్ని ఆమ్లం లేని ఫోల్డరులో పెట్టి, పైన పెన్సిలుతో పేరు రాయాలి. పెన్ను ఆ గదిలోకే తేకూడదు, సిరా పడితే తీయలేం. ఒక పిన్ను, ఒక కాగితం, ఒక ఫోల్డరు. మళ్లీ ఇంకో పిన్ను.

మొదటి రోజుల్లో నాకు ఊపిరాడలేదు. ఆఫీసులో ప్రతి మూడు నెలలకూ ఎవరో ఒకరు నా పనికి మార్కులు వేసేవారు, ఆ మార్కుల మీదే బతికిన మనిషిని నేను. ఇక్కడ మెచ్చుకునేవాళ్లు లేరు. సాయంత్రం ఎవరైనా బాగా చేశావంటారేమోనని బల్ల దగ్గర కాసేపు ఊరికే తచ్చాడేదాన్ని. అక్కడి ఉద్యోగులు మంచివాళ్లే, కానీ ఎవరి పనిలో వాళ్లుంటారు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి. ఈ కాగితాలున్న పెట్టెలు నేనున్న సీజనులో పూర్తికావు. వచ్చే సీజనులోనూ కావు. పూర్తి చేశానన్న తృప్తి ఆ గదిలో ఎవరికీ దొరకదు.

మరి అక్కడ పని ఎలా సాగుతోంది? ఒక్క అలవాటు మీద సాగుతోంది. ఈ వ్యాసమంతా దాని కోసమే. మిగతావి మరిచిపోయినా ఇది మరవకండి.

సాయంత్రం లేచే ముందు, ఎక్కడ ఆపామో ఒక కాగితం మీద రాసి పెట్టెలో పెట్టాలి.

అంతే. నేను రాసిన చీటీ ఒకటి ఇలా ఉండేది: "రోడ్డు పనుల ఉత్తరాలు. మూడో ఫోల్డరు దాకా పిన్నులు తీశాను. నాలుగో దాంట్లో రెండు ఉత్తరాలకు తేదీ లేదు, విడిగా పెట్టాను, నా ఊహతో తేదీ వేయలేదు. రేపు మొదట చేయాల్సింది: అదే ఫోల్డరులోని ఫోటోల వెనక ఏముందో చూసి జాబితాలో ఎక్కించడం."

ఇందులో నాలుగు సంగతులున్నాయి. ఏం చేశాను. ఎక్కడ ఆపాను. దేని మీద అనుమానం ఉంది. రేపు మొదట ఏం చేయాలి. ఈ నాలుగూ ఉంటే రేపు వచ్చేది నేనైనా, నా ముఖం ఎన్నడూ చూడని ఇంకో వాలంటీరైనా, పని ఆగదు.

నా కళ్లు తెరిపించింది ఇదే. మనం పనులు వదిలేసేది సోమరితనంతో కాదు. వదిలిన చోటికి తిరిగి వెళ్లే దారి మూసుకుపోవడంతో. జాకెట్టు సగం కుట్టి లేచినప్పుడు భుజం కొలత మన తలలోనే ఉంటుంది. పది రోజుల తర్వాత ఆ కొలత తలలో ఉండదు. మళ్లీ మొదటి నుంచి కొలుచుకోవాలంటే బద్ధకం. ఆ బద్ధకానికి సిగ్గు తోడవుతుంది. సిగ్గుపడే పని వైపు చూడటం మానేస్తాం. బీరువా తలుపు మూసేస్తాం. నిజం చెప్పండి, మీరు మూయలేదా?

దీనికి శాస్త్రం కూడా ఉంది. బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1927లో ఒక పరిశోధన ప్రచురించారు. మధ్యలో ఆపేసిన పనులు పూర్తయిన పనులకంటే ఎక్కువగా మనసులో మెదులుతుంటాయని అందులో చెప్పారు. 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు మరో మాట చేర్చారు: ఆ పని ఎప్పుడు, ఎలా చేయాలో స్పష్టంగా అనుకుంటే చాలు, పని ఇంకా చేయకపోయినా మనసులో ఆ గోల తగ్గుతుందట. పరిశోధనల సంగతి పండితులకు వదిలేద్దాం. చీటీ రాసిన రాత్రి నాకు కంటినిండా నిద్ర పట్టేది. నాకు ఆ సాక్ష్యం చాలు.

ఇక చీటీ ఎలా రాయాలో వినండి. ఇక్కడ బేరం లేదు. ఇంటికెళ్లి రాస్తాననకండి, కుర్చీలోంచి లేవకముందే రాయాలి. మీకు మాత్రమే అర్థమయ్యే గుర్తులు పెట్టకండి, తెలియనివాళ్లు చదివినా అర్థం కావాలి. చాలా కష్టపడ్డాను, అద్భుతంగా వచ్చింది అని రాయకండి, చీటీ చప్పట్ల కోసం కాదు. అనుమానం ఉన్న సంగతి తప్పకుండా రాయండి. మనలో చాలామంది దాచేది అదే. తెలియదని రాయడం అలవాటైనవాడు తెలియదని చెప్పడానికీ భయపడడు. వ్యక్తిత్వం ఇంకెక్కడో పెరుగుతుందనుకోకండి, ఆ ఒక్క వాక్యం దగ్గరే పెరుగుతుంది. రేపటి మొదటి పని చేతితో చేసేదై ఉండాలి. "వీణ బాగా నేర్చుకోవాలి" అని రాస్తే అది కోరిక. "తీగ బిగించి, రెండో పాఠం మొదటి వరుస మూడుసార్లు వాయించాలి" అని రాస్తే అది పని.

ఈ అలవాటు ఎంత దూరం వెళ్తుందో ఆ గ్రంథాలయమే చెబుతుంది. 1886 నుంచి 1918 వరకు ఎల్లోస్టోన్‌ను కాపాడింది అమెరికా సైన్యం. మంచులో మారుమూల ఠాణాల్లో ఉన్న సైనికులు, స్కౌట్లు రోజువారీ లాగ్‌బుక్కులు, డైరీలు రాసేవారు. వాటిని ఎవరో ఒకరోజు తెరుస్తారని వాళ్లు అనుకుని ఉండరు. ఇప్పుడు పరిశోధకులు వాటి కోసం దూరాల నుంచి వస్తారు.

తోడేళ్ల కథ ఇంకా పెద్దది. పార్కులో తోడేళ్లను పనిగట్టుకుని చంపారు, చివరిగా చంపింది 1926లో. వాటిని తిరిగి తేవాలా అని ప్రభుత్వం ఆలోచిస్తున్నప్పుడు అసలు ఇవి ఇక్కడ పూర్వం ఉండేవా అన్న ప్రశ్న వచ్చింది. 1992లో పాల్ షుల్లరీ, లీ విటిల్సీ అనే ఇద్దరు 1882కి ముందు ఆ ప్రాంతంలో తిరిగినవాళ్ల రాతలు గాలించి, తోడేళ్లతో సహా ఏయే జంతువులను ఎవరెవరు చూశారో కూర్చి అందించారు. 1995లో కెనడా నుంచి తెచ్చిన 14 తోడేళ్లు ఎల్లోస్టోన్‌లో అడుగుపెట్టాయి. ఎన్నో కారణాలు కలిస్తేనే అవి వచ్చాయి, అందులో ఎవరో ఎప్పుడో చూసింది చూసినట్టు రాసిపెట్టిన కాగితాలూ ఉన్నాయి. మీరు రాసే నాలుగు వాక్యాలు చిన్నవని మాత్రం అనకండి.

అక్కడి నుంచి వచ్చాక ఈ చీటీని ఇంట్లోకి తెచ్చాను. తెనాలిలో మా అమ్మను చూసుకునే ఆయాలు పగలొకరు, రాత్రొకరు. ఎవరు ఏ మాత్ర వేశారో ఫోన్లో అడిగి తెలుసుకునేసరికి మా వదినకు తల ప్రాణం తోకకు వచ్చేది. "వదినా, మంచం పక్కన ఒక నోటుబుక్కు పెట్టు" అన్నాను. వేసిన మాత్ర, తిన్న తిండి, అనుమానంగా ఉన్నది, తర్వాతి మనిషి మొదట చేయాల్సింది. "మధ్యాహ్నం నుంచి ఎడమ కాలు వాచినట్టుంది, రాత్రికి చూడండి" అని పగటి ఆయా రాసిన ఒక్క వాక్యంతో డాక్టరు దగ్గరికి తొందరగా వెళ్లగలిగారు. మా వదిన ఇప్పుడు ఆ పుస్తకాన్ని దేవుడి పటంలా చూసుకుంటుంది.

మిగతా సలహాలు కూడా చెప్పేస్తాను, అందరూ చెప్పేవే. నిద్ర చాలినంత పోండి. నడవండి. ఫోను ఇంకో గదిలో పెట్టి పని చేయండి. ఒకేసారి నాలుగు పనులు నెత్తికెత్తుకోకండి. మీకంటే చిన్నవాళ్ల దగ్గర నేర్చుకోవడానికి సిగ్గుపడకండి. ఏడాదికి కొన్నాళ్లు డబ్బు రాని పని ఏదైనా చేయండి.

ఆ చివరిది మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. అమెరికాలో స్థిరపడిన మన తెలుగువాళ్లకు ఇది అందుబాటులోనే ఉంది. వాలంటీర్ డాట్ గవ్ సైటులో పార్కుల పనులు పెడతారు. సీజను మొదలవడానికి చాలా ముందే చూసుకోవాలి. 250 గంటలు పనిచేస్తే ఏడాదిపాటు పార్కులకు ప్రవేశ పాసు కూడా ఇస్తారు. వేరే దేశం నుంచి వెళ్లేవాళ్లకు వీసా నియమాలు వేరు, ముందే కనుక్కోండి.

ఇక్కడున్నవాళ్లు మాకు ఆ అదృష్టం లేదని నిట్టూర్చకండి. వేటపాలెంలో సారస్వత నికేతనం 1918 నుంచి ఉంది. 1929లో దాని భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య గారు, ఆయన తోటివాళ్లు ఊరూరా తిరిగి గ్రంథాలయాలు పెట్టించింది జీతాలకు కాదు. వాళ్లు మొదలుపెట్టి వదిలేసి ఉంటే మనకు చదువుకోవడానికి ఏం మిగిలేది? ఆరంభశూరులన్న మాటకు జవాబు మన ఊళ్లలోనే ఉంది. మీ ఊరి గ్రంథాలయానికి వెళ్లి, ఈ వేసవిలో వారానికి రెండు పూటలు వస్తాను, ఏ పనైనా ఇవ్వండి అని అడగండి. అట్టలు ఊడిన పుస్తకాలు, జాబితాకు ఎక్కని పుస్తకాలు ఎక్కడైనా ఉంటాయి. మీరు పూర్తి చేయలేరు. ఫరవాలేదు. తర్వాతివాళ్లు అందుకునేట్టు వదలడం నేర్చుకుంటారు. ఆ ఒక్కటి చేతనైతే మనిషిగా మీరు చాలా దూరం వచ్చినట్టే.

ఇక పేజీ తిప్పకండి. మీరు సగంలో వదిలిన పనుల్లో ఒకదాన్ని, పెద్దదాన్ని కాదు, ఒక చిన్నదాన్ని తీసుకోండి. కాగితం దొరక్కపోతే కరెంటు బిల్లు వెనక రాయండి. ఏం చేశాను, ఎక్కడ ఆపాను, ఏం అనుమానం, రేపు మొదట ఏం చేయాలి. రాసి ఆ పని మీదే పెట్టండి. ఇవాళ పని చేయకపోయినా సరే, చీటీ మాత్రం రాయకుండా పడుకోకండి.