తెలియదనుట యొక వృత్తిధర్మము

రాజమహేంద్రవరము

చిరంజీవియగు మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరము చేరినది. తీరికగా కూర్చుండి చదివితిని. నిన్ను సీనియర్ ఇంజనీరును చేసిరని మీ అమ్మ ఫోనులో చెప్పినది మొదలు, ఆ ముచ్చట నీవే వ్రాయుదువని ఎదురుచూచుచున్న నాకు, ఆ పదోన్నతియే నీకు కంటిమీద కునుకు లేకుండ చేయుచున్నదను వార్త అందినది. 'మామయ్యా, వీళ్ళంతా నా గురించి పొరబడ్డారు. ఏదో ఒక మీటింగులో ఎవరో ఒక ప్రశ్న అడుగుతారు, ఆ రోజుతో నా బండారం బయటపడుతుంది' అని వ్రాసితివి. దీనినే ఇంపోస్టర్ సిండ్రోమ్ అందురనియు, దీనిని పోగొట్టుకొని ఆత్మవిశ్వాసము పెంచుకొను ఉపాయమేదైన చెప్పుమనియు కోరితివి. ఉపాయము చెప్పెదను గాని, ఆత్మవిశ్వాసము పెంచుకొమ్మని మాత్రము చెప్పను. అది దానంతటదే వచ్చిన రానిమ్ము. నీకు వలసినది వేరొకటి కలదు. దానిని చెప్పుటకు ముందు ఈ భయము యొక్క తీరును కొంత విచారింతము.

ఈ భయమును శాస్త్రదృష్టితో పరిశీలించి దానికొక పేరు పెట్టినవారు పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అను ఇద్దరు మనస్తత్వవేత్తలు. అమెరికాలోని అట్లాంటా నగరమున జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయమునకు చెందిన వీరు, 150 మందికి పైగా విద్యావతులను, అనగా డాక్టరేటు పట్టములందినవారిని, తమ వృత్తులలో గౌరవము గడించినవారిని, చదువులో మేటులని పేరొందిన విద్యార్థినులను ఎఱిగి, వారిలో పలువురు తమ తెలివిపై తమకే నమ్మకము లేక, లోకమును మోసగించుచున్నామను తలంపుతో కుములుచుండుట గమనించి, 1978లో ఒక వ్యాసమును ప్రకటించిరి. వారు దీనిని రోగమనలేదు. అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ణయ గ్రంథములో నేటికిని దీనికి స్థానము లేదు. పురుషులును దీనికి అతీతులు కారని తరువాతి పరిశోధనలవలన తేలినది.

నీవు ముఖ్యముగా గమనింపవలసినది ఈ భయము తిరుగు చక్రమును గూర్చి క్లాన్స్ అటుపిమ్మట చేసిన వివరణము. ఈ భయము గలవారికి ఒక పని అప్పగించినంతనే గుండె జారును. అప్పుడు వారు రెండు త్రోవలలో ఒకదానిని పట్టుదురు: అక్కఱకు మించి రేయింబవళ్లు శ్రమించుట యొకటి, పనిని ముట్టుటకే వెఱచి, వాయిదాలు వేసి, తుదకు హడావుడిగా ముగించుట రెండవది. పని ఎట్లో నెరవేరును, పదిమంది మెచ్చుకొందురు. మొదటి త్రోవను పోయినవారు 'చచ్చిచెడి కష్టపడితిని గనుక అయినది, ఇందు నా ప్రజ్ఞ యేమున్నది' అనుకొందురు. రెండవ త్రోవను పోయినవారు 'అదృష్టము కలిసివచ్చినది, ఈసారికి గట్టెక్కితిని' అనుకొందురు. ఏ త్రోవను పోయినను విజయము తమదని వారికి తోచదు. కావుననే నీ పదోన్నతి నీ భయమును తగ్గింపక పెంచినది. రేపు మఱియొక మెట్టెక్కినను ఇంతే జరుగును. గెలుపులవలన తీరని దానిని గెలుపులతో తీర్చబోవుట వృథాశ్రమ.

ఇక నీ సాఫ్ట్‌వేరు వృత్తియందే ఈ భయము ఇంత విరివిగా ఏల మొలకెత్తునో ఆలోచింపుము. మొదటి కారణము మీరు పనిచేయు వస్తువు యొక్క పరిమాణము. లైనక్స్ కెర్నెల్ ఒక్కదానిలోనే రెండు కోట్లకు మించిన పంక్తులు కలవు; దానిని ప్రారంభించిన లైనస్ టోర్వాల్డ్స్ సైతము ఒక్కొక్క విభాగమును ఒక్కొక్క నిర్వాహకునికి అప్పగించి, వారి మాటను నమ్మియే దానిని నడుపుచున్నాడు. నీవు చూచుకొను చెల్లింపుల సర్వీసు అట్టి కెర్నెల్ మీదను, డేటాబేసు మీదను, ఎవరెవరో ఎన్నడో వ్రాసిన లైబ్రరీల మీదను నిలిచియున్నది. అడుగునుండి పైవఱకు అంతయు ఎఱిగినవాడు నీ కంపెనీలోనే కాదు, ఎందును లేడు. నీకు తెలియనిది కొండంత కలదని నీ మనస్సు చెప్పుచున్న మాట అబద్ధము కాదు. తక్కినవారికి అట్టి కొండ లేదని చెప్పు మాటయే అబద్ధము.

రెండవ కారణము, తప్పులు నలుగురి కంట పడుట. నేను ఈ పనిలో ప్రవేశించిన కాలమున ప్రోగ్రామును 80 గడుల కార్డులపై రంధ్రములుగా పొడిపించి, కట్టగట్టి కౌంటరులో ఇచ్చి వచ్చెడివారము. మఱునాడు అచ్చుకాగితములు చేతికి వచ్చినప్పుడు అందలి తప్పులు మాకును, మహా అయిన ఆపరేటరునకును మాత్రమే తెలిసెడివి. నేడు నీవు వ్రాసిన ప్రతి పంక్తియు పుల్ రిక్వెస్టుగా బృందమంతటి యెదుట నిలిచి, తన క్రింద వ్యాఖ్యలను మోయుచున్నది. తోడివారి పుల్ రిక్వెస్టులను నీవును చూచుచున్నావు గదా యందువు. చూచుచున్నావు, కాని అవి తడబాటులన్నియు తుడిచివేసిన పిమ్మటి రూపములు. గుంటమగ్గము నొద్ద కూర్చున్న నేతగానికి తెగిన పోగులన్నియు తెలియును. అంగడిలో కొనవచ్చినవానికి మడతపెట్టిన చీర యొక్కటియే కనబడును. నీ పనిని మగ్గమునొద్దను, పరుల పనిని అంగడిలోను చూచి, ఆ రెంటిని సరిపోల్చుకొనుట న్యాయము కాదు.

మూడవది ఎంపిక చేయు పద్ధతి. ఇంటర్వ్యూలో గ్రాఫులు, ట్రీలు, డైనమిక్ ప్రోగ్రామింగు అని చిక్కుప్రశ్నలు వేయుదురు. చేరిన పిదప పాత కోడును చదువుటయు, లాగులు గాలించుటయు, ఆన్‌కాల్ వంతు వచ్చిననాడు అర్ధరాత్రి అలర్టునకు లేచి ప్రొడక్షనును చక్కబెట్టుటయు దినచర్య యగును. ఒక పరీక్షలో నెగ్గి వేఱొక పనిలో కూర్చున్నవారికి, తాము దొడ్డిదారిని వచ్చితిమేమో యన్న అనుమానము కలుగుటలో వింత యేమున్నది? దీనికి తోడు, పదవ తరగతివఱకు తెలుగు మాధ్యమమున చదివిన నీవు, మీటింగులో ఇంగ్లీషు వాక్యమును మనసులో కూర్చుకొనునంతలో ఆ చర్చ ముందుకు సాగిపోవును. ఆలోచన వెనుకబడలేదు, మాట వెనుకబడినది. కాని ఆ క్షణమున ఈ రెంటికిని భేదము నీకు కనబడదు.

తప్పులు చేయుట నీ అనర్హతకు గుర్తని తలంచుచున్నావు గనుక, ఈ విద్యకు ఆద్యులైనవారి మాట ఒకటి రెండు చెప్పెదను. 1949లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఎడ్‌శాక్ అను గణనయంత్రమును నిర్మించిన మారిస్ విల్క్స్, ఆ యంత్రముపై తొలినాళ్లలో వ్రాసిన ఒక ప్రోగ్రాము టేపు పెక్కేండ్ల తరువాత బయటపడినది. దానిని పరిశీలింపగా 126 పంక్తులలో సుమారు 20 తప్పులు కనబడినవి. తన శేషజీవితములో చాలభాగము తన ప్రోగ్రాములలోని తప్పులను వెదకుటకే సరిపోవునని ఆ కాలముననే తనకు స్ఫురించినట్లు ఆయన తన స్మృతులలో చెప్పుకొనెను. ఆయనకే 1967లో ట్యూరింగ్ పురస్కారము లభించినది. డొనాల్డ్ నూత్ అంతకు మించిన పని చేసెను. టెక్ అను అచ్చుకూర్పు ప్రోగ్రామును వ్రాయునప్పుడు తాను చేసిన తప్పులనన్నిటిని చిట్టా వ్రాసిపెట్టుకొని, 1989లో వానిని గూర్చి విపులమైన వ్యాసమును ప్రకటించెను. తన గ్రంథములలో తప్పు పట్టినవారికి 2.56 డాలర్ల చెక్కును బహుమానముగా పంపెడివాడు. తమ తప్పులను వెలికితీసి చూపుట వీరికి పరువు తక్కువ కాలేదు. ఈ విద్యలో నేర్చుటకు అదియే మార్గమని వారెఱిగిరి.

ఇప్పుడు నీకు వలసినది చెప్పెదను. నీ భయము నీకు కలిగించు దుఃఖముకంటె, అది నీచేత చేయించు దాపరికము ఎక్కువ హానికరము. అడిగినచో అజ్ఞానము బయటపడునని అడుగక ఊరకుందువు. అర్థము కాని డిజైనునకు తల యూపుదువు. అంకెలు సరిపడుటలేదని తోచినను, 'వీరందరికి తెలియనిదా, నాకే ఏదో తెలియలేదు' అని నోరు మెదపవు. వృత్తిలో ప్రమాదము పుట్టు తావు ఇదియే. 1998 డిసెంబరులో నాసా అంగారకుని దిక్కుగా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అను నౌకను గూర్చి చదివియుందువు. నౌకలోని చిన్న చిన్న ఇంజనుల త్రోపుడును లెక్కించు భూతలపు సాఫ్ట్‌వేరు పౌండు కొలతలో ఫలితములనిచ్చినది. మార్గమును గణించువారు వానిని న్యూటన్ కొలతగా తీసికొనిరి. ఒకటికి దాదాపు నాలుగున్నర రెట్ల తేడా. సుమారు 226 కిలోమీటర్ల ఎత్తున పోవలసిన నౌక 57 కిలోమీటర్ల వఱకు దిగజారి, 1999 సెప్టెంబరు 23న నశించినది. కొలతల పొరపాటు కథ లోకమంతటికి తెలిసినదే. అంతగా ప్రచారము పొందని భాగము వేఱొకటి కలదు: అంకెలు పొసగుటలేదన్న శంక మార్గమును గణించువారికి ముందే కలిగినది, కాని ఆ శంక నియమిత పద్ధతిలో నమోదు కాక, అందవలసినవారికి అందవలసినంత గట్టిగా అందలేదు. పైకి చెప్పని సందేహమునకు చెల్లింపవలసిన మూల్యము ఇట్టిది. తెలియదని చెప్పుట వినయము కొఱకు చేయు పని కాదు. వంతెనను కట్టువాడు బరువును పరీక్షించుట యెట్టిదో, నీకును ఇది యట్టి వృత్తిధర్మము. గుండె దడదడలాడుచున్నను దీనిని చేయవచ్చును. ధైర్యము వచ్చిన తరువాత అడిగెదననుకొన్నచో ఆ దినము రాదు.

అడుగుటకును ఒక క్రమము కలదు. చిక్కు వచ్చినంతనే పరుగెత్తక, దాచిపెట్టుకొని మూడు దినములు క్రుంగక, ఒక గంటయో రెండు గంటలో హద్దు పెట్టుకొని నీవే ప్రయత్నింపుము. హద్దు దాటినంతనే నాలుగు సంగతులు వ్రాయుము: నీవు సాధింపదలచినదేమి, చేసి చూచినదేమి, కనబడినదేమి, ఎచ్చట ఆగితివి. ఇట్లు వ్రాయునప్పుడే సగము చిక్కులు విడిపోవును. విడనిదానిని ఒకరి చెవిలో గుసగుసలాడక, బృందమంతయు చూచు చోటనే అడుగుము. అదే ప్రశ్నను గొంతులో పెట్టుకొని కూర్చున్నవారు ఇంకొకరిద్దరుందురు. ఇంగ్లీషు తడబడునన్న జంకు ఉన్నచో, మీటింగునకు ముందే ప్రశ్నను వ్రాసి పంపుము. ఎవరైన నీకు తెలియనిదానిని అడిగినచో, 'నాకు తెలియదు, సాయంత్రములోగా కనుగొని చెప్పెదను' అని చెప్పి, సాయంత్రములోగా చెప్పుము. నీపై నమ్మకము నిలుపునది ఆ రెండవ భాగము.

ఒక నోటుపుస్తకమును పెట్టుకొని, ప్రొద్దున తెలియక సాయంకాలమునకు తెలిసిన సంగతిని తారీఖు వేసి వ్రాయుము. మెప్పులను అందులో ఎక్కింపకుము. వానిని నీ మనస్సు ఎట్లును నమ్మదు. తెలిసికొన్న సంగతులను కాదనుట దానికిని కష్టము. అప్రైజలునాడు ఆ పుస్తకము నీకు సాక్ష్యము చెప్పును. రివ్యూలో వచ్చిన వ్యాఖ్యలను చదువునప్పుడు, ఈ పంక్తిలో మార్చవలసినదేమి యని మాత్రమే చూడుము. వాని వెనుక నీ జాతకమును వెదకకుము. ఏఐ సహాయముతో వ్రాసిన కోడు నాదెట్లగునని అడిగితివి. ప్రతి పంక్తియు ఏల ఉన్నదో ఎదుటివారికి విడమర్చి చెప్పగలిగినచో, అది విఱిగిననాడు చక్కబెట్టగలిగినచో, నీదే. చెప్పలేనిచో, నీచేతితో టైపు చేసినను నీది కాదు. ఇచ్చట నీ అనుమానము మేలైన అనుమానము, దానిని పోగొట్టుకొనకుము.

అయితే లోపమంతయు నీ మనస్సునందే యున్నదని భ్రమపడకుము. స్త్రీలకు ఇంపోస్టర్ సిండ్రోమ్ ఉన్నదని చెప్పుట మాని, వారిని అట్లు భావింపజేయు కార్యాలయములను చక్కదిద్దుడని రుచికా తుల్‌శ్యాన్, జోడీ ఆన్ బ్యూరే అను రచయిత్రులు 2021లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూ పత్రికలో వాదించిరి. అందు చాల నిజమున్నది. ప్రశ్న అడిగినవారిని వెక్కిరించు చోటున, నీ ఆలోచనను వేఱొకరు చెప్పినప్పుడే విను చోటున, కలుగు దిగులు నీ దోషము కాదు. క్రమము తప్పక అడిగి చూడుము. ఏండ్లు గడచినను అడిగినందుకు శిక్షయే లభించినచో, చోటు మారుటకు సంకోచింపవలదు. నిద్ర పట్టకుండుట, అన్నము సహింపకుండుట వారములకొలది సాగినచో అది నా ఉత్తరముతో తీరునది కాదు, వైద్యుని చూడుము. కేంద్రప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలీ మానస్ సేవకు 14416 నంబరున ఎప్పుడైనను ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోను మాటలాడవచ్చును.

నీ బృందములో క్రొత్తగా ఇద్దరు పిల్లలు చేరిరని వ్రాసితివి. వారిప్పుడు నిన్ను చూచి, సీనియర్లకు అన్నియు తెలియుననుకొనుచుందురు. నీవు మౌనముగా తల యూపిన ప్రతిసారి ఆ భ్రమ గట్టిపడి, వారును నీవలెనే దాచుట నేర్చుకొందురు. కావున సోమవారపు స్టాండప్‌లో వారి యెదుటనే, ఈ భాగము నాకర్థము కాలేదు, ఎవరైన వివరింపుడని అడుగుము. వారిలో ఎవరు ముందుగా తమ ప్రశ్నతో నీయొద్దకు వచ్చిరో నాకు తప్పక వ్రాయుము.

ఇట్లు,
నీ మేలుకోరు మామయ్య