ఆ చిన్న గదిని పెద్దగా గీయడం వస్తే

నంద్యాలలో కొత్తగా లేస్తున్న ఏదో ఒక అపార్ట్‌మెంట్ దగ్గరికి వెళ్లి, ప్లంబింగ్ డ్రాయింగ్ ఒకసారి చూపించమని అడగండి. చాలాచోట్ల ఫ్లోర్ ప్లాన్ ఒక్కటే చేతికిస్తారు. అందులో హాలు, బెడ్‌రూములు, వంటగది స్పష్టంగానే ఉంటాయి. టాయిలెట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం వేలి గోరంత చోటులో కమోడ్, బేసిన్, షవర్, నహానీ ట్రాప్, నాలుగైదు పైపు గీతలు, వాటి మీద పడిపోయిన అంకెలు. ప్లంబర్ ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని తనకు అలవాటైన పద్ధతిలో పని చేసుకుపోతాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. చదవడానికి వీలుగా ఎవరూ గీసి ఇవ్వలేదు.

లెక్క చూడండి. ఎనిమిదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు ఉన్న టాయిలెట్ అంటే సుమారు 2.4 మీటర్లు, 1.5 మీటర్లు. 1:100 స్కేలులో కాగితం మీద అది 24 ఎంఎం, 15 ఎంఎం. అంతలో పైపు సైజు, వాలు, లెవెల్, గోడ నుంచి దూరం అన్నీ రాయడం ఎవరి వల్లా కాదు. అదే గదిని 1:25లో గీస్తే 96 ఎంఎం, 60 ఎంఎం అవుతుంది. అప్పుడు రాయడానికి చోటు దొరుకుతుంది. టాయిలెట్లు, వంటగదులు, పంపు గదులు, పైపుల షాఫ్టులు వంటి ఇరుకు చోట్లను ఇలా విడిగా పెద్ద స్కేలులో గీసి, వివరాలు రాసి ఇచ్చేదే ఎన్లార్జ్డ్ ప్లంబింగ్ ప్లాన్. ఇప్పుడు దీన్ని ఎక్కువగా రివిట్ వంటి బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్ (బీఐఎం) సాఫ్ట్‌వేర్‌లో తయారు చేస్తున్నారు. హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలోని ఎంఈపీ (మెకానికల్, ఎలక్ట్రికల్, ప్లంబింగ్) కన్సల్టెన్సీలు, విదేశీ ప్రాజెక్టులకు ఇక్కడి నుంచే డ్రాయింగులు చేసిపెట్టే బీఐఎం ఆఫీసులు ఈ పని వచ్చినవాళ్లను తీసుకుంటాయి. బ్రిటన్ ప్రభుత్వం తన ప్రాజెక్టులకు 2016లోనే బీఐఎంను తప్పనిసరి చేసింది.

నంద్యాలలో ఈఎస్‌సీ ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. 1995లో మొదలైన రాజీవ్‌గాంధీ మెమోరియల్ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. శాంతిరామ్ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. వీటిలో సివిల్, మెకానికల్ చదివే పిల్లల్లో చాలామంది ముందు రెండే దారులు కనిపిస్తున్నాయి. ఒకటి ప్రభుత్వ పరీక్షలకు ఏళ్ల తరబడి చదవడం, రెండోది చదివిన బ్రాంచి వదిలేసి కోడింగ్ నేర్చుకోవడం. ఈ రెంటి మధ్య, చదివిన చదువుకే దగ్గరగా ఉన్న ఈ పని గురించి వాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ. భవనంలో నీళ్లు, డ్రైనేజీ, ఫైర్, ఏసీ పనులు తమ చదువు కిందికే వస్తాయని మెకానికల్ విద్యార్థులకు ఫైనలియర్ దాకా తెలియకపోవడం నాకు బాధ కలిగించే విషయం. ఐటీఐలో రెండేళ్ల డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేసినవాళ్లకూ ఈ దారి తెరిచే ఉంది. ఏడాది ప్లంబర్ ట్రేడు చేసి, సైటులో కొన్నాళ్లు పైపులు కలిపిన అబ్బాయి కంప్యూటర్ నేర్చుకుంటే, మోడలింగ్ మాత్రమే తెలిసిన ఇంజినీరు కంటే మెరుగ్గా గీస్తాడని నా నమ్మకం. ఏ బెండు ఎక్కడ పడుతుందో, రెంచి తిప్పడానికి ఎంత చోటు కావాలో అతని చేతులకు తెలుసు.

ఇక పని ఎలా సాగుతుందో చూద్దాం. ఆర్కిటెక్టు ఇచ్చిన మోడల్‌ను మన ఫైలులోకి లింక్ చేసుకుంటాం. గోడలు, తలుపులు లేత రంగులో వెనక్కి జరిగి, మన పైపులు ముదురుగా కనిపించేలా వ్యూ టెంప్లేట్ పెట్టుకుంటాం. మొత్తం ఫ్లోర్ ప్లాన్‌లో టాయిలెట్ చుట్టూ కాలౌట్ గీస్తే ఆ భాగానికి కొత్త వ్యూ పుడుతుంది. దానికి స్కేలు వేరుగా పెట్టుకోవచ్చు. ఆ వ్యూను షీటు మీద పెట్టగానే, అసలు ప్లాన్‌లోని కాలౌట్ గుర్తులో డీటెయిల్ నంబరు, షీటు నంబరు వాటంతట అవే పడతాయి. పైపులను రెండు గీతలుగా చూడాలంటే డీటెయిల్ లెవెల్‌ను ఫైన్‌లో పెట్టాలి. కొత్తవాళ్లు ఎక్కువగా తికమకపడేది, ప్లాన్‌లో ఏ ఎత్తు నుంచి ఏ లోతు దాకా కనిపించాలో చెప్పే వ్యూ రేంజ్ దగ్గర. టాయిలెట్ కోసం కిందికి దించి వేసే సంకెన్ స్లాబులో ఫ్లోరు కింద 300 ఎంఎం లోతున పోయే డ్రైనేజీ పైపు ప్లాన్‌లో కనిపించాలంటే వ్యూ డెప్త్ అంతకంటే కిందికి ఉండాలి. లేకపోతే పైపు మోడల్‌లో ఉన్నా కాగితం మీదికి రాదు.

ఒక సంగతి మొదటి రోజే గట్టిగా పట్టుకోవాలి. పైపు మోడల్‌కు చెందినది. ట్యాగు, డైమెన్షన్, నోటు ఆ ఒక్క వ్యూకు చెందినవి. పైపును జరిపితే అన్ని వ్యూల్లోనూ జరుగుతుంది. మొత్తం ఫ్లోర్ ప్లాన్‌లో మీరు పెట్టిన ట్యాగు మాత్రం ఎన్లార్జ్డ్ ప్లాన్‌లోకి రాదు, అక్కడ మళ్లీ పెట్టాలి. అందువల్ల ఏ వివరం ఏ షీటులో ఉండాలో ముందే తేల్చుకోవాలి. మొత్తం ప్లాన్‌లో ప్రధాన పైపుల దారి, కాలౌట్ గుర్తులు చాలు. చిన్న సైజులు, దూరాలు, ఫిక్చర్ పేర్లు ఎన్లార్జ్డ్ ప్లాన్‌కే వదిలేయాలి. రెండుచోట్లా రాస్తే ఒకచోట మార్చి ఇంకోచోట మరిచిపోతారు. అప్పుడు ఏది నమ్మాలో సైటులో ఎవరికీ తెలియదు.

ట్యాగుకు, చేత్తో టైపు చేసిన నోటుకు ఉన్న తేడా ఇంకా ముఖ్యం. ట్యాగు పైపులోని సమాచారాన్ని చదివి చూపిస్తుంది. పైపును 75 నుంచి 110 ఎంఎంకు మారిస్తే ట్యాగు కూడా 110 అంటుంది. తొందరలో ‘75’ అని టైపు చేసి పెట్టిన నోటు మాత్రం పైపు ఎంత మారినా 75 అనే చెబుతుంది. అబద్ధం చెప్పే డ్రాయింగు కంటే డ్రాయింగు లేకపోవడమే మేలు. సైజు, వాలు, లెవెల్, ఫిక్చర్ నంబరు, ఏది రాయాలన్నా ట్యాగుతోనే రాయడం అలవాటు చేసుకోండి. డ్రాయింగులు తనిఖీ చేసే అనుభవమున్న చెకర్ మీ ఫైలు తెరిచి ఒక అంకె మీద క్లిక్ చేస్తే చాలు, మీరు ఎలాంటి పనివారో తెలిసిపోతుంది.

డైమెన్షన్లలో గోడ ఎక్కడి నుంచి మొదలవుతుందనేది పెద్ద ప్రశ్న. ఇటుక నుంచా, టైల్ అతికించాక వచ్చే ముఖం నుంచా? ప్లాస్టరింగ్, టైల్ కలిపితే రెండు సెంటీమీటర్లు సులువుగా దాటుతాయి. అవుట్‌లెట్ నేలలోకి దిగే ఎస్ ట్రాప్ కమోడ్లలో గోడ నుంచి అవుట్‌లెట్ మధ్యకు 225 ఎంఎం దూరం ఉండేవీ ఉన్నాయి, 300 ఎంఎం ఉండేవీ ఉన్నాయి. ఏ మోడల్ కొంటున్నారో కేటలాగు చూసి, టైల్ ముఖం నుంచి కొలత ఇచ్చి, ఆ మాట నోటుగా రాయాలి. ఇది రాయకపోతే కమోడ్ గోడకు ఆనక వెనుక సందు మిగులుతుంది, లేదా అసలు పట్టదు. అప్పుడు వేసిన టైల్స్ పగలగొట్టాల్సిందే. కాగితం మీద ఒక్క గీత తక్కువైనందుకు ఇంటి యజమాని డబ్బు పోతుంది.

లెవెల్ సంగతి అర్థం కావడానికి నంద్యాల పిల్లలు పుస్తకం తెరవనక్కర్లేదు, మహానందికి వెళ్లొస్తే చాలు. ఊట ఎప్పుడూ వస్తూనే ఉంటుంది, కోనేటిలో నీళ్లు మాత్రం ఐదడుగుల దగ్గరే నిలుస్తాయి. మిగిలిన నీరు తూముల గుండా పొలాలకు పోతుంది. తూము అడుగు భాగం ఏ ఎత్తున ఉందో అదే లోపలి నీటి మట్టాన్ని నిర్ణయిస్తుంది. పైపు లోపలి అడుగు మట్టానికి ప్లంబింగ్‌లో ఇన్వర్ట్ లెవెల్ అని పేరు. డ్రైనేజీ పైపు మొదలయ్యే చోట, ముగిసే చోట ఈ లెవెల్ రాయకపోతే డ్రాయింగు సగమే అయినట్టు. 1:60 వాలుతో మూడు మీటర్లు నడిచిన పైపు 50 ఎంఎం దిగుతుంది. ఆ 50 ఎంఎం మీ సంకెన్ లోతులో ఇముడుతుందా, బయట చాంబర్ ఇన్వర్ట్ దానికంటే కింద ఉందా అని లెక్క చూసుకున్నవాళ్లే వాలు ట్యాగు పెట్టడానికి అర్హులు. సాఫ్ట్‌వేర్ మీరు చెప్పిన వాలుకే పైపు వేస్తుంది. ఆ వాలు చాలుతుందో లేదో తేల్చాల్సింది మీరే.

సాయిల్ పైపు, వేస్ట్ పైపు, వెంట్ పైపు వేరువేరుగా ఎందుకుంటాయో, గల్లీ ట్రాప్ ఎక్కడ వస్తుందో తెలియాలంటే 2016 జాతీయ భవన నిర్మాణ స్మృతిలో ప్లంబింగ్‌కు కేటాయించిన తొమ్మిదో భాగం చదవండి. కష్టంగానే ఉంటుంది, రోజుకు రెండు పేజీలు చాలు. అమెరికా ప్రాజెక్టుల్లో చేరితే అడుగులు, అంగుళాలు వస్తాయి, వాలును అడుగుకు పావు అంగుళం అని చెబుతారు, కోడ్ వేరే. మూలసూత్రం తెలిసినవారికి అది కొద్ది వారాల్లో పట్టుబడుతుంది.

స్కేలు గురించి ఆళ్లగడ్డ విద్యార్థులకు ఒక సలహా. మీ ఊళ్లో రోడ్డు పక్కన ఉన్న శిల్పశాలల్లో ఒక పూట కూర్చుని చూడండి. అక్కడి శిల్పులు నమ్ముకున్న తాళమానంలో ముఖం పొడవు ఒక తాళం, తాళానికి పన్నెండు అంగుళాలు (ఇవి ఇంచీలు కావు). విగ్రహం అరచేతిలో పట్టేదైనా, గోపురం మీద నిలిచేదైనా నిష్పత్తి చెడకూడదు. రాతి మీద గీత సరిగా పడ్డాకే ఉలి ఆడుతుంది. స్కేలు అంటే ఏమిటో ఇంతకంటే బాగా చెప్పే పాఠం నాకు తెలియదు.

సాధన ఎలా చేయాలి? ఊహల్లోని విల్లా మోడల్ చేసి రంగులు పులిమిన బొమ్మలు తీయకండి. అలాంటి బొమ్మలు ఇంటర్వ్యూ చేసేవాళ్లు రోజూ చూస్తారు. మీ కాలేజీ హాస్టల్ టాయిలెట్ బ్లాకును టేపు పట్టుకుని కొలవండి, ముందు వార్డెన్ అనుమతి అడగండి. గోడలు, ఫిక్చర్లు, షాఫ్టు, పైపులు మోడల్ చేయండి. 1:25లో ఎన్లార్జ్డ్ ప్లాన్, రెండు సెక్షన్లు, నిలువు పైపులను చూపే ఒక రైజర్ డయాగ్రామ్ పెట్టి ఒక షీటు తయారు చేయండి. నీళ్ల సరఫరా ఒక ప్లాన్‌గా, డ్రైనేజీ మరో ప్లాన్‌గా విడదీస్తే గీతలు ఒకదాని మీద ఒకటి పడవు. ట్యాగుల లీడర్ గీతలు ఒకదాన్ని ఒకటి దాటకూడదు. అక్షరాలన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. ప్రవాహం ఎటు పోతుందో బాణం గుర్తు ఉండాలి.

ఆ తర్వాత చేయాల్సిన పని ఎవరూ చేయరు, అందుకే చెబుతున్నాను. ఆ షీటును ప్రింటు తీసుకుని, పని తెలిసిన ప్లంబర్ దగ్గరికి వెళ్లండి. అహోబిలంలోనో, మహానందిలోనో లాడ్జీల పని చేసే మేస్త్రీ అయితే మరీ మంచిది. వాళ్లు టాయిలెట్లు వరసగా కడతారు కాబట్టి, ఒక తప్పు ఎన్ని గదుల్లో మళ్లీ వస్తుందో వాళ్లకు తెలుసు. ‘అన్నా, ఈ కాగితం ఒక్కటే చూసి పని చేయగలవా?’ అని అడిగి ఊరుకోండి. మీరు వివరించకండి. ఆయన ఎక్కడెక్కడ వేలు పెట్టి ప్రశ్న అడిగాడో అక్కడ మీ డ్రాయింగులో ఒక మాట తక్కువైందని అర్థం. ఆ ప్రశ్నలు రాసుకుని, సరిచేసి, రెండో ప్రింటు తీయండి. ఇంటర్వ్యూకు రెండు ప్రింట్లూ తీసుకెళ్లండి. ఏం మార్చారో, ఎందుకు మార్చారో చెప్పగలిగితే, అనుభవం ఎంతని అడిగే ప్రశ్నకు మీ దగ్గర చూపించడానికి ఒకటి ఉన్నట్టే.

ఖర్చు సంగతి. రివిట్ మామూలు లైసెన్సు ఖరీదైనదే. చదువుకుంటున్నట్టు రుజువు చూపిస్తే ఆటోడెస్క్ విద్యార్థులకు ఉచితంగా ఇస్తుంది, ఏటా పొడిగించుకోవచ్చు. దాంతో డబ్బు తీసుకుని చేసే పని మాత్రం చేయకూడదు. విండోస్ ఉండాలి, 16 జీబీ ర్యామ్ ఉంటే పని నడుస్తుంది. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాత వెర్షన్‌లో తెరుచుకోదు కాబట్టి, ఎవరికైనా ఫైలు పంపేముందు వాళ్ల వెర్షన్ అడగండి. దొంగ కాపీల జోలికి పోవద్దు.

కోచింగ్ సెంటర్లో చేరేముందు అక్కడి ఫీజు, సర్టిఫికెట్ కంటే ముందు ఒక్కటి అడగండి: కోర్సు అయ్యాక విద్యార్థి తయారు చేసిన ఎన్లార్జ్డ్ టాయిలెట్ ప్లాన్ షీటు ఒకటి చూపిస్తారా అని. చూపిస్తే ఈ వ్యాసంలో చెప్పినవన్నీ దాని మీద వెతకండి. ఇన్వర్ట్ లెవెల్ ఉందా? కొలత టైల్ ముఖం నుంచి ఉందా? అంకెలు ట్యాగులా, టైపు చేసినవా? ఫీజు కట్టాలో వద్దో ఆ షీటు చూసి తేల్చుకోండి.