రౌస్ హిల్ ఇళ్ళలో ఆర్కిడ్ల పెంపకం – ఒక రసాయనశాస్త్ర పరిశీలన

పుష్పజాతులలో ఆర్కిడ్లది ఒక విశాల కుటుంబం. సుమారు 28,000 జాతులను వృక్షశాస్త్రజ్ఞులు ఇంతవరకు గుర్తించారు. ఒకసారి విచ్చిన పూలు వారాల తరబడి వాడకుండా నిలవడం వీటిలో అనేక జాతులకు గల ప్రత్యేకత. అందువల్లనే గృహప్రవేశాలకు, పుట్టినరోజులకు ఆర్కిడ్ కుండీని కానుకగా ఇచ్చే అలవాటు ఏర్పడింది. అయితే పూలు రాలిన తరువాత ఏడాది తిరగకుండానే ఆ మొక్క చనిపోవడం కూడా సాధారణమే. దీనికి కారణం చాలా సందర్భాలలో అశ్రద్ధ కాదు, అతిశ్రద్ధ. తులసికోటలో పోసినట్లు ప్రతి ఉదయం చెంబెడు నీరు పోయడం ఈ మొక్కకు ప్రాణాంతకమవుతుంది. ఎందువల్లనో తెలియాలంటే ముందుగా దాని వేరును అర్థం చేసుకోవాలి.

ఆర్కిడ్ బదనిక కాదు

తూర్పు కనుమల అడవులలో, పల్లెల మామిడితోపులలో చెట్టుకొమ్మలను పట్టుకొని పెరిగే వాండా అనే ఆర్కిడ్‌ను మనవారు 'బదనిక' అని వ్యవహరించడం కద్దు. నిజమైన బదనిక పరాన్నజీవి. అది తన వేళ్ళను కొమ్మలోనికి చొప్పించి చెట్టు రసాన్ని పీలుస్తుంది. ఆర్కిడ్ అలా చేయదు. చెట్టు దానికి ఆధారం మాత్రమే, ఆహారం కాదు. వానచినుకులు, మంచు, గాలిలోని తేమ, బెరడుపై పేరుకొన్న ఆకుల చివుకు – ఇవే దాని జీవనాధారాలు.

ఇటువంటి వేరుపై మృతకణాలతో ఏర్పడిన, స్పంజి వంటి తెల్లని పొర ఉంటుంది. దానిని వెలామెన్ అంటారు. వాన పడగానే ఆ పొర నీటిని పీల్చుకొని నిలుపుకుంటుంది. ఎండినపుడు వెండివలె తెల్లగాను, తడిసినపుడు లోపలి పత్రహరితం కనబడి ఆకుపచ్చగాను ఉంటుంది. తడి, ఆరుదల – ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి రావడం ఆ వేరుకు ప్రకృతి నేర్పిన క్రమం. నీటిలో ఆమ్లజని వ్యాపించే వేగం గాలిలోకంటే సుమారు పదివేల రెట్లు తక్కువ. కనుక ఎల్లప్పుడూ తడిగా ఉండే కుండీలో వేరుకు ఊపిరాడదు. పిదప శిలీంధ్రాలు చేరి దానిని కుళ్ళబెడతాయి. కుళ్ళిన వేరు నీరు తీసుకోలేదు, ఆకులు వడలుతాయి. అది చూచి దాహమనుకొని గృహస్థులు మరింత నీరు పోస్తారు. మొక్క మరణం ఈ విధంగా పూర్తవుతుంది.

రెండు కుళాయిల ఊరు

సిడ్నీకి వాయవ్యాన గల రౌస్ హిల్ ప్రాంతానికి నీటి విషయంలో ఒక విశేషం ఉంది. 2001 నుండి ఇక్కడి ఇళ్ళకు తాగునీటితోపాటు శుద్ధిచేసిన పునర్వినియోగ జలం వేరే గొట్టం ద్వారా సరఫరా అవుతున్నది. ఊదారంగు కుళాయి దానికి గుర్తు. తోటకు, మరుగుదొడ్లకు ఆ నీరు ఎంతో ఉపయోగకరం. పచ్చికకు, నేలలో నాటిన మొక్కలకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. అయితే తాగునీటితో పోల్చినపుడు అందులో కరిగిన లవణాలు కొంత అధికం. ఆర్కిడ్ విషయంలో ఈ తేడాను లెక్కలోనికి తీసుకోవాలి.

కుండీలోని తడి ఆరేటపుడు ఆవిరయ్యేది నీరు మాత్రమే. లవణం మిగిలిపోతుంది. ఉదాహరణకు, లీటరుకు 500 మిల్లీగ్రాముల లవణం గల నీరు నాలుగవ వంతుకు తగ్గితే మిగిలిన నీటిలో లవణ సాంద్రత 2,000 మిల్లీగ్రాములకు చేరుతుంది. దీనికి ఎరువు కూడా తోడవుతుంది. ఆవకాయలో ఉప్పు మామిడిముక్క నుండి ఊటను బయటకు లాగినట్లే, ద్రవాభిసరణం వల్ల వేరులోని నీరు వెలుపలికి పోతుంది. వేరుకొనలు నల్లబడటం, ఆకుల చివరలు మాడటం దీని లక్షణాలు. కనుక ఆర్కిడ్లకు వాననీరు శ్రేష్ఠం, అది లేనిచోట తాగునీరు మేలు. ఎరువును పొట్టంపై సూచించిన మోతాదులో సగానికి పలుచన చేసి, మొక్క పెరిగే కాలంలోనే వేయాలి. నెలకొకసారి ఎరువు లేని నీటిని ధారాళంగా పోసి, అడుగు రంధ్రాలనుండి పూర్తిగా కారనిస్తే పేరుకొన్న లవణాలు కొట్టుకొనిపోతాయి.

ఏ మొక్క ఎక్కడ?

రౌస్ హిల్ సముద్రానికి దూరం. వేసవిలో కొన్ని దినాలు 40 డిగ్రీలు దాటుతాయి, శీతకాలపు రాత్రులలో నేలపై మంచు పేరుకోవడమూ కద్దు. ఇటువంటి చోట ఆరుబయట పెంచడానికి సింబిడియం అనుకూలం. నేటి పెద్దపూల సంకరజాతుల పూర్వికులలో పలు జాతులు సిక్కిం, అరుణాచల్ వంటి హిమాలయ పర్వతసానువులవి. శరదృతువులో రాత్రులు చల్లబడితేనే అవి మొగ్గ తొడుగుతాయి. వాటిని ఎల్లకాలం ఇంటిలోనే ఉంచి, పూయలేదని చింతించడం పొరపాటు. ఉదయపు ఎండ, మధ్యాహ్నపు నీడ, వేసవిలో నీడవల, గట్టి మంచు రాత్రులలో పైకప్పు – ఇవి చాలు. సిడ్నీ ఇసుకరాళ్ళపై సహజంగా పెరిగే డెండ్రోబియం స్పెసియోసమ్ కూడా ఈ వాతావరణానికి తగినదే.

దుకాణాలలో విరివిగా దొరికే ఫెలనాప్సిస్ ఉష్ణమండలపు మొక్క. రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు తగ్గకుండా ఇంటిలో తూర్పు కిటికీ వద్ద ఉంచాలి. ఇది పత్రరంధ్రాలను ముఖ్యంగా రాత్రివేళ తెరచి, బొగ్గుపులుసు వాయువును మాలిక్ ఆమ్లంగా దాచుకొని, పగటి వెలుగులో వినియోగించుకుంటుంది. పగటి ఎండలో నీరు ఆవిరి కాకుండా కాపాడుకొనే మొక్క కనుక దీనికి నీరు తక్కువే చాలు. వేళ్ళు తెల్లబడిన తరువాతనే పోయాలి. ఆకుల నడిమిగుంటలో నీరు నిలువరాదు.

రెండు, మూడేళ్ళకొకసారి, పూలు ముగిసిన పిదప, కుండీలో కొత్త పైన్ బెరడు ముక్కలు నింపాలి. పాత బెరడు చివికి మెత్తబడితే గాలికి చోటుండదు. ఉత్తరార్ధగోళపు పుస్తకంలో మార్చి అని ఉన్నచోట ఇక్కడ సెప్టెంబరు అని చదువుకోవాలి.

స్వదేశపు మొక్కపై మమకారంతో ప్రయాణపు పెట్టెలో ఆర్కిడ్‌ను తేవడం మాత్రం తగదు. ఆస్ట్రేలియా జీవభద్రతా చట్టం అనుమతి లేని సజీవ మొక్కలను రానివ్వదు. 1975లో అమలులోనికి వచ్చిన అంతర్జాతీయ వన్యజీవి వాణిజ్య ఒడంబడిక ఆర్కిడ్ల కుటుంబమంతటికీ వర్తిస్తుంది. అడవినుండి పీకిన మొక్క అడవికి నష్టం, తెచ్చినవారికి చిక్కు. నర్సరీలో పెరిగిన మొక్కను కొని, పిల్లలకు దాని వేరు రంగును చూచి నీరు పోయడం నేర్పితే, మరుసటి ఏడాది ఆ కుండీ మరల పూస్తుంది.