సమాజశాస్త్రమునకు దరఖాస్తు చేయు విద్యార్థికి

విద్యార్థులారా! మీలో కొందరు ఇచ్చటి చదువు ముగిసిన పిమ్మట విశ్వవిద్యాలయమున సమాజశాస్త్రము నభ్యసింపగోరుచున్నారు. “ఆ చదువు కూడు పెట్టునా?” అని యింటిపెద్దలడుగుట సహజము. అంతకుముందు మీరు జవాబు చెప్పవలసిన ప్రశ్న వేరొకటి కలదు. ఆ శాస్త్రము మీకేల?

బ్రిటను దేశమున అభ్యర్థిని మొదట నడుగునదియు నిదియే. అచ్చట డిగ్రీ చదువులకు యూకాస్ అను సంస్థ ద్వారమున దరఖాస్తు పంపుదురు. 2026వ సంవత్సరపు ప్రవేశములు మొదలుకొని అందు మూడు ప్రశ్నలున్నవి. ఈ విద్యనేల కోరితివి? నీ చదువు నిన్నెట్లు సిద్ధపరచినది? పాఠశాల వెలుపల నేమి చేసితివి? మూడు జవాబులును కలిసి, పదముల నడిమి ఖాళీలతో సహా, 4,000 అక్షరములు మించరాదు. మన దేశమున అనేక విశ్వవిద్యాలయములు మార్కులనుబట్టియో ప్రవేశపరీక్షనుబట్టియో చేర్చుకొనును. అయినను ఈ ప్రశ్నలు ఎల్లవారికిని ఉపయోగకరములే.

“నాకు బాల్యమునుండి మనుష్యులనిన ప్రీతి” అని వ్రాయకుడు. అది యెవరైనను వ్రాయగలరు. స్వయముగా చూచినదానిని వ్రాయుడు. పత్తి తీయు దినములలో తరగతియందు కొన్ని బల్లలు ఖాళీయగుట మీరెరిగినదే. “వారు సోమరులు” అనుట తీర్పేగాని జ్ఞానము కాదు. రానివారు ఏ యిండ్ల పిల్లలు? బాలికలెందరు, బాలురెందరు? ఆ యిండ్లకు భూమి కలదా? అప్పు కలదా? ఆనాటి కూలి యెంత? ఇట్లడుగుటతో సమాజశాస్త్రము ఆరంభమగును.

ఈ మార్గము మన ప్రాంతమునకు క్రొత్త కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పనిచేసిన శ్యామాచరణ్ దూబేగారు 1951-52లో సహచరులతో కూడి హైదరాబాదునకు సమీపముననున్న శామీర్‌పేట గ్రామమును పరిశీలించి, 1955లో ‘ఇండియన్ విలేజ్’ అను గ్రంథమును ప్రకటించిరి. ఆ యూరివారికి నిత్యపరిచితములైన కులములు, కుటుంబములు, సేద్యము, పండుగలే అందు శాస్త్రమునకు విషయములైనవి.

వ్రాయునపుడు మూడు నియమములు పాటింపుడు. చదువని పుస్తకమును చదివితినని చెప్పకుడు. ఒక్కదానినే చదివి, అందు మీకు నచ్చని యంశము నొకదానిని కారణముతో చూపుట మేలు. పరులు వ్రాసినదానిని మీదిగా పంపకుడు. పొరుగువారి కష్టములను వారి పేళ్లతో బయటపెట్టకుడు. వారు మనలను నమ్మి చెప్పినవారు.

తలిదండ్రులకొక మాట. వైద్యవిద్యవలె ఈ చదువు ఒక వృత్తిని చేతికీయదు. దీనిని చదివినవారు ఉపాధ్యాయులుగను, పరిశోధకులుగను, ప్రభుత్వోద్యోగులుగను, సేవాసంస్థలయందును పనిచేయుచున్నారు. ఖర్చును, అవకాశమును ముందే లెక్కచూచుకొనుట వివేకము. కాని బిడ్డ ప్రశ్న నిజమైనదైనచో దానిని నవ్వి త్రోసివేయకుడు.

విద్యార్థులారా, దరఖాస్తుకు ఇంకను కాలమున్నది. రేపు ఖాళీబల్లను చూచినపుడు తీర్పు చెప్పక, ఒక ప్రశ్న వ్రాసికొనుడు.