చేనుకు వాక్కాయ కంచె

మెట్ట చేలో పండింది ఇంటికి చేరాలంటే కంచె ఉండాలి. కానీ రాతి కడీలు పాతి ముళ్లతీగ లాగించే స్తోమత ఎకరం, రెండెకరాల రైతుకు ఎక్కడిది? ఏటా తుమ్మకంప కొట్టి గట్టున పరిస్తే చెదలు తినేస్తుంది, మళ్లీ ఏడాది మళ్లీ కంపే. పందుల బెడద పడలేక కొందరు కరెంటు తీగ లాగుతున్నారు. అది నేరం. పైగా రాత్రిపూట నీళ్లు కట్టడానికి వెళ్లే పక్క చేను రైతో, మీ ఇంటి మనిషో దానికి బలవుతారు. ఆ పని మాత్రం చేయకండి. దాని బదులు వాక్కాయతో జీవకంచె పెంచుకోండి.

వాక్కాయ ఏడాది పొడవునా పచ్చగా ఉండే ముళ్ల పొద. ఎర్రనేలలు, గరపనేలలు, రాళ్ల దిబ్బలు దేన్లోనైనా బతుకుతుంది. నాటుకున్నాక ఎండకు తట్టుకుంటుంది. నీరు నిలిచే చోట మాత్రం పనికిరాదు. సర్కారు తుమ్మలాగా చేనంతా పాకదు కూడా.

ముందు మొక్కలు ఎన్ని కావాలో లెక్క చూసుకోండి. నాలుగు పలకలా ఉన్న ఎకరానికి చుట్టుకొలత సుమారు 835 అడుగులు. 3 అడుగులకొకటి చొప్పున ఒక వరసకు 280 మొక్కలు పడతాయి. అదే 100 అడుగుల వెడల్పుతో పొడుగ్గా ఉన్న ఎకరమైతే చుట్టుకొలత 1,070 అడుగులు దాటుతుంది, అంటే 357 మొక్కలు. పంపకాల్లో వచ్చిన చేలు చాలావరకు ఇలాంటివే కాబట్టి కొలిచాకే మొక్కలు పెంచండి. పందులు తిరిగే వైపున ఒక వరస చాలదు. ఎదురుబొదురు కాకుండా సందు చూసి రెండో వరస నాటాలి.

ఆగస్టు, సెప్టెంబరులో బాగా మాగి నల్లబడిన కాయలు ఏరండి. గుజ్జు కడిగేసి గింజల్ని నీడన ఆరబెట్టి, వెంటనే పాలిథీన్ సంచుల్లో విత్తాలి. నిలవ చేస్తే మొలక దెబ్బతింటుంది. మొదట్లో మొక్క ఎదుగుదల నిదానం, కంగారు పడొద్దు. మరుసటి తొలకరికి నాటొచ్చు. చచ్చినవాటి స్థానంలో నాటడానికి ఓ 30 మొక్కలు అదనంగా ఉంచుకోండి.

హద్దు మీదే నాటితే రేపు పక్కవారితో పేచీ తప్పదు. సర్వే రాయి చూసుకుని 3 అడుగులు లోపలికి జరగండి. కొమ్మలు కోయడానికి మీకూ చోటు ఉంటుంది. అడుగున్నర లోతు, అంతే వెడల్పు కాలవ తీసి, పశువుల ఎరువు కలిపిన మట్టితో నింపి నాటండి. మొదటి రెండు వేసవుల్లో వారం, పది రోజులకోసారి నీళ్లు పోయాలి. అప్పటిదాకా బయటి వైపు కంప తప్పదు, లేకపోతే మేకలు చిగుళ్లు మిగల్చవు.

అసలు కిటుకంతా కోతలో ఉంది. మొక్క అడుగున్నర ఎదగ్గానే అడుగు ఎత్తులో తల కోసేయాలి. ఎదిగే మొక్కను కోయడానికి చాలామందికి చెయ్యి రాదు. కానీ కోయకపోతే అది పైకిపోయి మొదలు బోసిగా ఉంటుంది. పంది దూరేది ఆ సందులోనే. తల కోస్తే పక్క కొమ్మలు వస్తాయి. ఆ తరవాత అడుగు పెరిగినప్పుడల్లా అరడుగు ఉంచి మిగతాది తీసేయండి. ఇలా 5 అడుగుల ఎత్తుకు తేవాలి. కింద 3 అడుగులు, పైన అడుగున్నర వెడల్పు ఉండేలా ఏటవాలుగా కోయండి. పైన గుబురుగా వదిలితే కింది కొమ్మలకు ఎండ తగలక ఎండిపోతాయి. కోసిన చోట పాలు కారతాయి. కంట్లో పడకుండా చూసుకోండి.

మూడో ఏడు నుంచి కాపు మొదలవుతుంది. పూత కొత్త కొమ్మల చివర్ల వస్తుంది కాబట్టి మాఘ, ఫాల్గుణాల్లో కత్తెర పట్టొద్దు. కాయ కోశాక, సెప్టెంబరులో కోసుకోండి. దట్టమైన కంచె కావాలంటే కాపు కొంత తగ్గుతుంది. రెండూ నిండుగా రావు. పందుల వైపు గట్టిగా కోసి, ఇంటి వైపు, బాట వైపు కాపుకు వదలడం మంచిది. పప్పులోకి, పులిహోరలోకి, పచ్చడికి పచ్చి కాయే కావాలి గనుక మాగక ముందే సంతకు పట్టుకెళ్లండి. బేకరీల్లో చెర్రీలని అమ్మే ఎర్ర పళ్లలో చాలావరకు రంగువేసి పాకం పట్టిన వాక్కాయలే. కాబట్టి ఊళ్లో నలుగురైదుగురు కలిసి వేస్తే కొనేవారితో బేరమాడటం తేలిక.